అఫిలియేట్ రివ్యూ ఎంత పొడవుండాలి: అపోహలు - వాస్తవాలు

మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు, గీజర్లు, వాటర్ ఫిల్టర్లు. వీటి మీద తెలుగులో రివ్యూలు రాయడం నా పని. నేనిచ్చిన లింకు నొక్కి ఎవరైనా కొంటే నాకు కమీషన్ వస్తుంది. ఇలాంటివాటినే అఫిలియేట్ రివ్యూలంటారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఒక్కో రివ్యూ ఎన్ని పదాలు ఉండాలండీ?"

అంకె చెప్పమంటే నేను చెప్పను. కొనేవాళ్లకు డబ్బు కట్టే ముందు ఎన్ని సందేహాలుంటాయో అవి తీరేంత రాయాలి. ఆ సందేహాలేమిటో కనుక్కోకుండా పదాలు లెక్కపెట్టుకుంటే ఏమవుతుందో మన తెలుగు రివ్యూలు చాలావాటిలో కనిపిస్తూనే ఉంది. "ఈ రోజుల్లో మిక్సీ లేని ఇల్లు లేదు" అని మొదలై, కంపెనీ చరిత్ర చెప్పి, డబ్బా మీద ఉన్న వివరాలే మళ్లీ రాసి, చివరికి "మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి" అంటాయి. ఆ ఎంచుకోవడం తెలియకే కదా వాళ్లు మన దగ్గరికి వచ్చింది!

అపోహ: 2,000 పదాలు దాటకపోతే గూగుల్ పైకి తీసుకురాదు.

వాస్తవం: పదాల సంఖ్యను బట్టి ర్యాంకు ఇవ్వబోమని గూగుల్ తరఫున జాన్ ముల్లర్ చాలాసార్లు చెప్పారు. కంటెంట్ రాసేవాళ్ల కోసం గూగుల్ పెట్టిన మార్గదర్శకాల్లో ఈ ప్రశ్న నేరుగానే ఉంది: గూగుల్‌కు ఫలానా పదాల సంఖ్య ఇష్టమని ఎక్కడో విని, దాని ప్రకారం రాస్తున్నారా? పక్కనే జవాబు కూడా ఉంది, అలాంటి ఇష్టమేదీ మాకు లేదని.

మరి ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? వెతికినప్పుడు పైన కనిపించే రివ్యూలు చాలావరకు పొడవుగానే ఉంటాయి. అది చూసి, పొడవు వల్లే పైకి వచ్చాయనుకుంటారు. వస్తువును నిజంగా వాడి, కొలిచి, పక్క మోడల్‌తో పోల్చి రాసినవాళ్లకు చెప్పడానికి ఎక్కువ విషయం ఉంటుంది. వాళ్ల రివ్యూ పొడవైంది అందుకే.

2021 ఏప్రిల్‌లో గూగుల్ ప్రొడక్ట్ రివ్యూల కోసం ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ తెచ్చింది. దానితో పాటు రాసేవాళ్లకు ఇచ్చిన సూచనల్లో ఉన్నవి ఇవీ: వస్తువు ఎలా ఉంటుందో, ఎలా వాడతారో సొంతంగా చూపండి, పనితీరును కొలిచి చెప్పండి, పోటీ వస్తువులకంటే తేడా ఏమిటో చెప్పండి, లోపాలూ చెప్పండి. ఎన్ని పదాలన్నది ఎక్కడా లేదు. 2023 ఫిబ్రవరిలో ఆ విధానాన్ని ఇంగ్లిష్‌తో పాటు మరికొన్ని భాషలకు విస్తరించినప్పుడు ప్రకటించిన జాబితాలో తెలుగు లేదు. అయినా నేను ఆ సూచనలు పాటిస్తాను. అవి మన పాఠకులు ఎలాగూ అడిగే ప్రశ్నలే కాబట్టి.

అపోహ: ఇంగ్లిష్ రివ్యూ 2,500 పదాలుంటే మనదీ అంతే ఉండాలి.

వాస్తవం: తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటలోనే కలిసిపోతాయి. ఇంగ్లిష్‌లో విడివిడిగా నాలుగైదు పదాలు పట్టేది మనకు తరచూ ఒకటి రెండు పదాల్లో వచ్చేస్తుంది. అంటే అదే విషయానికి తెలుగులో పదాలు బాగా తగ్గుతాయి. ఇంగ్లిష్ లెక్క అందుకోవాలని కూర్చుంటే, ఆ లోటును సొల్లుతో నింపడం తప్ప దారి లేదు. ఇంగ్లిష్ టూల్స్ చూపించే "ఆదర్శ పదాల సంఖ్య"ను పట్టించుకోవద్దని నా గట్టి సలహా.

అపోహ: ఖరీదైన వస్తువుకు పొడవైన రివ్యూ, చవక వస్తువుకు పొట్టిది.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. ఎక్కువ డబ్బు పెట్టేటప్పుడు సందేహాలూ ఎక్కువే. కానీ నా అనుభవంలో ధరకంటే రెండు విషయాలు పొడవును ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఆ వస్తువు పనితీరు ఇంటింటికీ ఎంత మారుతుంది? తప్పు మోడల్ కొంటే ఎంత ఇబ్బంది?

కరెంటు తక్కువ తీసుకునే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ తీసుకోండి. మామూలు ఫ్యాను కంటే ధర ఎక్కువ. అయినా రివ్యూ పొట్టిగానే ముగించవచ్చు, ఎందుకంటే అసలు సందేహం ఒక్కటే: ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా? పాత రకం సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ 30 వాట్ల దగ్గర ఉంటుంది. తేడా 45 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 5 రూపాయలనుకుంటే నెలకు 100 రూపాయలు. రెండు ఫ్యాన్ల ధరలో తేడా 1,500 అయితే, ఆ డబ్బు 15 నెలల వాడకంలో వచ్చేస్తుంది. ఎక్కువ రేటు శ్లాబులో బిల్లు పడేవాళ్లకు ఇంకా త్వరగా. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందన్న మాట కూడా చేర్చి, గాలి ఎలా వస్తోంది, చప్పుడు ఎంత, రిమోట్ పోతే గోడ స్విచ్‌తో ఎంతవరకు నడుస్తుంది అన్నవి రాస్తే సరిపోతుంది. దీన్ని లాగి 2,000 పదాలు చేస్తే ఆ లెక్క కాస్తా మధ్యలో ఎక్కడో మునిగిపోతుంది.

ఇప్పుడు వాటర్ ఫిల్టర్ సంగతి చూడండి. ఇక్కడ నేను పొడవుకు వెనకాడను, ఎందుకంటే ఇంట్లోకి వచ్చే నీళ్లను బట్టి జవాబు మొత్తం మారిపోతుంది. తాగునీటి మీద భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. అంతకంటే బాగా తక్కువగా ఉండే నది నీళ్లు కుళాయిలో వచ్చే ఇంటికి లవణాలను తీసే ఆర్వో అవసరమే లేకపోవచ్చు, క్రిములను చంపే యూవీ ఫిల్టర్ చాలవచ్చు. బోరు నీళ్ల మీద బతికే ఇంటికి అదే మాట చెప్తే నష్టం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. ఒక్కసారి టీడీఎస్ చూసి నిర్ణయించుకోవద్దని వాళ్లకు విడిగా చెప్పాలి.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల పాఠకులకైతే ఇంకో పేరా తప్పనిసరి. అక్కడి చాలా ఊళ్లలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. టీడీఎస్ తక్కువే ఉందని ఆర్వో లేని ఫిల్టర్ కొంటే, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు కూడా అలాగే గ్లాసులోకి వచ్చేస్తాయి. ముందు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి అన్న మాట నా లింకు కంటే పైన ఉండాలి. దానివల్ల ఆ రోజు అమ్మకం తగ్గినా సరే, నేను దాన్ని తీసేయను.

ఆ తర్వాత వృథాగా పోయే నీళ్ల సంగతి, ఏడాదికి కార్ట్రిడ్జులకూ మెంబ్రేన్‌కూ అయ్యే ఖర్చు, మండల కేంద్రం దాకా సర్వీస్ మనిషి వస్తాడా లేదా అన్నవి. ఇవన్నీ రాసేసరికి 1,500 పదాలు దాటొచ్చు. దాటనివ్వండి. పసిపిల్లలున్న ఇంట్లో ఈ రివ్యూ చదివి నీళ్ల గురించి నిర్ణయం తీసుకుంటారు. అక్కడ పొదుపు పనికిరాదు.

టీ వడకట్టే జాలికి మాత్రం నాలుగు పేరాలు చాలు. సన్నపొడి ఆగుతుందా, పిడి వేడెక్కుతుందా, కొన్నాళ్లకు తుప్పు పట్టిందా. అంతే.

అపోహ: సందేహాలు తెలుసుకోవాలంటే, జనం గూగుల్‌లో ఏం వెతుకుతున్నారో చూపే కీవర్డ్ టూల్స్ ఉండాలి.

వాస్తవం: టూల్స్ కంటే అమ్మకం పేజీలోని మూడు నక్షత్రాల రివ్యూలు నాకు బాగా ఉపయోగపడతాయి. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు ఎక్కువమంది డబ్బా విప్పిన సంతోషంలో ఉంటారు. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లలో చాలామంది కోపం డెలివరీ మీద. మూడు ఇచ్చినవాళ్లు వస్తువును వాడి, కొంత నచ్చి, కొంత నచ్చక రాస్తారు. "చట్నీ జార్‌లో కొంచెం అల్లం వెల్లుల్లి వేస్తే బ్లేడుకు అందడం లేదు" లాంటి వాక్యం అక్కడే దొరుకుతుంది. మిక్సీ రివ్యూలో ఒక పేరాకు అది సరిపోతుంది.

మిక్సీ బాగుచేసే షాపుకు వెళ్లి ఏ కంపెనీ జార్లకు కప్లర్ (జారును మోటారుకు కలిపే ముక్క) సులువుగా దొరుకుతుందో అడగండి. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. గారెల పిండి గట్టిగా రుబ్బేటప్పుడు మోటారు ఆగిపోతే అడుగున ఉండే ఎర్ర ఓవర్‌లోడ్ బటన్ నొక్కాలని తెలియక, మిక్సీ కాలిపోయిందనుకునేవాళ్లు ఎంతోమంది. 500 వాట్లు, 750 వాట్లు అని పట్టిక వేసే రివ్యూల్లో ఈ మాట కనిపించదు.

ఇలా ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, వాడి చూసి వేటికి జవాబు చెప్పగలనో చూసుకుంటాను. జవాబు దొరికినవే రివ్యూలోకి వస్తాయి. రాసిన తర్వాత ఒక్కో పేరా తీసేసి చూస్తాను. అది లేకపోయినా కొనేవాళ్ల నిర్ణయం మారదనిపిస్తే ఆ పేరా ఇక ఉండదు. దాదాపు ప్రతిసారీ ముందుగా పోయేవి ఉపోద్ఘాతమూ, చెప్పిందే మళ్లీ చెప్పే ముగింపూ.

అపోహ: వస్తువు చేతిలో లేకపోయినా, వివరంగా రాస్తే నమ్ముతారు.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. వాడని వస్తువు గురించి ఎంత పొడవుగా రాసినా అది కంపెనీ చెప్పిన మాటల పునరుక్తే. ఇప్పుడు ఏఐతో నిమిషాల్లో 3,000 పదాలు పుట్టించవచ్చు కాబట్టి పొడవుకు ఆ మాత్రం విలువ కూడా పోయింది. ర్యాంకుల కోసం ఇలాంటి పేజీలను కుప్పలుగా తయారుచేయడాన్ని 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ విధానాల్లో చేర్చింది. ఎలా తయారుచేశారన్నది దానికి అనవసరం. మనిషి రాసినా అంతే, మెషీన్ రాసినా అంతే.

వస్తువు కొనలేకపోతే చుట్టాలింట్లో ఉన్నది చూసి, వాళ్లను అడిగి, ఆ సంగతి చెప్పే రాయండి. 400 పదాలే వచ్చినా అవి నికరమైన పదాలు.

అపోహ: "టాప్ 10" జాబితాలో పదింటికీ సమానంగా రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఎక్కువమందికి సరిపోయే ఒక్కదానికి సగం చోటు ఇవ్వండి. మిగతావి ఎవరికి పనికొస్తాయో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. చెప్పడానికి విషయం ఉన్నవి నాలుగే అయితే నాలుగే పెట్టండి.

అపోహ: ఎక్కువసేపు చదివిస్తే కమీషన్ ఎక్కువ.

వాస్తవం: అమెజాన్ అఫిలియేట్ లింకు నొక్కాక కొనుగోలు మన ఖాతాలో పడే గడువు సాధారణంగా 24 గంటలు. వస్తువును కార్ట్‌లో వేసుకుంటే ఆ గడువు పెరుగుతుంది. సందేహం తీరకముందే లింకు నొక్కినవాళ్లు ధర చూసి వెనక్కి వెళ్లిపోతారు, రెండు రోజుల తర్వాత ఇంకెక్కడి నుంచో వచ్చి కొంటారు. అందుకే తీర్పు పైనే చెప్పేయాలి: ఎవరు కొనొచ్చు, ఎవరు కొనొద్దు. దాని కిందే ఒక లింకు, నిన్న చదివి వెళ్లి ఈరోజు కొనడానికి తిరిగి వచ్చినవాళ్ల కోసం. వివరాలన్నీ అయ్యాక మరొకటి. ప్రతి పేరాకూ ఒక బటన్ పెడితే చదివే మనిషికి మన తొందర తెలిసిపోతుంది.

అపోహ: కమీషన్ సంగతి పైన చెప్తే పాఠకులు పారిపోతారు, అడుగున చిన్నగా పెడితే చాలు.

వాస్తవం: 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి వెల్లడి స్పష్టంగా, కంటికి కచ్చితంగా కనపడేలా ఉండాలి. హ్యాష్‌ట్యాగ్‌ల, లింకుల గుంపులో కలిపేయకూడదు. "ఈ లింకు ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని తెలుగులో మొదట్లోనే రాస్తే ఒక్క వాక్యం. దీన్ని దాచడానికి పడే శ్రమ కంటే చెప్పడం చాలా సులువు. అమెజాన్ తన అఫిలియేట్లను పెట్టమనే వెల్లడి వాక్యం ఎలాగూ విడిగా ఉండాలి.

అపోహ: వీడియో రివ్యూ అయితే 8 నిమిషాలు దాటాల్సిందే.

వాస్తవం: వీడియో మధ్యలో యాడ్స్ పెట్టుకోవడానికి యూట్యూబ్ పెట్టిన హద్దు అది. ముందు 10 నిమిషాలుండేది, 2020 జులైలో 8కి తగ్గింది. యాడ్ డబ్బు కోసం నాలుగు నిమిషాల గ్రైండర్ రివ్యూను ఎనిమిదికి లాగితే, కొనడానికి వచ్చిన మనిషి పిండి ఎలా వచ్చిందో చూడకముందే వెళ్లిపోవచ్చు. ముందు పిండి చూపించండి.

అపోహ: అప్‌డేట్ అంటే ఇంకొన్ని పేరాలు చేర్చడం.

వాస్తవం: ఎంత చేరుస్తామో అంత తీసేయాలి. ఏడాది వాడాక గీజర్‌లో ఉప్పు పేరుకుందా, సర్వీస్‌కు పిలిస్తే ఎన్ని రోజులకు వచ్చారు అన్నది రాయండి, అది కొత్తగా కొన్నవాళ్లెవరూ చెప్పలేని మాట. అదే సమయంలో ఆగిపోయిన మోడల్‌తో పోలికలు, పోయిన పండుగ ఆఫర్ల ప్రస్తావనలు తీసేయండి. ధర అంకెలు చేత్తో రాసి ఉంటే ముందు వాటిని తొలగించండి. అవి వారంలోనే పాతబడతాయి, పైగా అమెజాన్ అఫిలియేట్ కార్యక్రమం నియమాలు కూడా అలా రాయడానికి ఒప్పుకోవు. వారంటీ షరతులు మారాయేమో కంపెనీ సైట్‌లో చూసి, మారితే ఆ వాక్యం సరిదిద్ది పక్కన తేదీ వేయండి.