హైవేని అడ్డంగా దాటేవాళ్లు: మన జిల్లాల రోడ్లపై అపోహలు – వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మ్యాపు ముందేసుకుంటే ఒక విషయం వెంటనే కనిపిస్తుంది. 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైల్వే లైను రెండూ తీరం వెంబడే సాగుతాయి. చంపావతి, నాగావళి, వంశధార మాత్రం కొండల వైపు నుంచి వచ్చి వాటిని అడ్డంగా దాటి సముద్రంలో కలుస్తాయి. మన జనం రోజూ తిరిగే దారులు కూడా చాలావరకు ఆ నదుల్లాంటివే. ఇల్లు ఇటు, పొలం అటు. ఊరు ఇటు, హైస్కూలు అటు. ట్రాఫిక్ సర్వేలు, రోడ్ల ప్లానింగ్ పనిలో ఉన్నవాడిగా నేను తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: వాహనాలు లెక్కపెడితే ఆ రోడ్డు అవసరం తెలిసిపోతుంది.

మేము వాహనాల్ని ఉన్నవి ఉన్నట్టు కూడం. కారును ఒకటిగా తీసుకుని మిగతావాటిని దానితో పోలుస్తాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో గ్రామీణ రోడ్లకు ఇచ్చిన లెక్కలో మోటారు సైకిల్ 0.5, బస్సు లేదా లారీ 3, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు 4.5, పెద్ద ఎడ్లబండి 8. నెమ్మదిగా వెళ్లేది, చోటు ఎక్కువ తీసుకునేది ఎక్కువ కార్ల కింద లెక్కకొస్తుందన్నమాట. మంచి పద్ధతే. కానీ ఆ షీటులో నడిచి దాటేవాళ్లకు గడి ఉండదు.

ఒకసారి రణస్థలం వైపు హైవే పక్కన కుర్చీ వేసుకుని తెల్లవారుజామున లెక్క రాస్తున్నాం. చేతిలో పాల క్యాను పట్టుకుని ఒకావిడ రోడ్డు దాటడానికి వచ్చింది. లారీలు ఆగవు. సగం దాటి డివైడర్ మీద నిలబడింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో క్యాను ఒరగకుండా చూసుకుంటూ, వచ్చే లైట్ల వైపే చూస్తోంది. నాలుగు నిమిషాలు అలాగే ఉంది. ఆ నాలుగు నిమిషాల్లో వెళ్లిన ప్రతి లారీ మా కాగితం మీదకెక్కింది, ఆవిడ ఎక్కలేదు. నడిచేవాళ్ల లెక్క వేరే తీస్తాం గానీ, అదీ ఎంచుకున్న కొన్ని జంక్షన్ల దగ్గరే. ఆ రోజు నుంచి నేను పనిచేసే చోట దాటేవాళ్ల కోసం మరో కాగితం పెట్టిస్తున్నాను.

అపోహ: రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తగ్గుతుంది.

కొన్నాళ్లు తగ్గుతుంది. దారి బాగుందని కొత్త వాహనాలు వస్తాయి, రోడ్డు పక్కన కొత్త లేఅవుట్లు, దాబాలు, షెడ్లు లేస్తాయి, ప్రతి గేటు నుంచి ఒక బండి నేరుగా హైవే మీదకే దూకుతుంది. రోడ్డును కాపాడేది దాని పక్కనుండే ఖాళీయే. బయలు ప్రాంతంలో జాతీయ రహదారికి ఇటు భవనానికీ అటు భవనానికీ మధ్య 80 మీటర్లు వదలాలని, రెండు పక్కలా కలిపి 150 మీటర్ల వెడల్పు దాకా కట్టడాలపై నియంత్రణ ఉండాలని మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. రేకుల షెడ్డు పడ్డాక ఆ గీత గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. భోగాపురం, పూసపాటిరేగ వైపు ప్లాటు కొనేవాళ్లు ముందు సర్వీస్ రోడ్డు ఎక్కడొస్తుందో అడగండి.

అపోహ: ఎయిర్‌పోర్టుకు మంచి రోడ్డుంటే చాలు.

భోగాపురం ఎయిర్‌పోర్టుకు 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. మొదటి దశ సామర్థ్యం ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులు, అంటే రోజుకు సగటున 16 వేలు. వాళ్ల కోసం అందరూ ఆలోచిస్తారు. అక్కడ సామాను మోసేవాళ్లు, క్యాంటీన్‌లో వండేవాళ్లు, నైట్ డ్యూటీ సెక్యూరిటీ వాళ్లు డెంకాడ నుంచో విజయనగరం నుంచో రాత్రి పదింటికి ఏ బస్సెక్కి వెళ్తారన్నది కూడా ప్లానింగే.

అపోహ: రైలుంటే బస్సుతో పనిలేదు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

అపోహ: అలైన్‌మెంట్ (రోడ్డు వెళ్లే దారి) ఖరారయ్యాక మనం చెప్పినా ఎవరూ వినరు.

ఇది సగమే నిజం. దారి ఎటు వెళ్లాలో ప్రాజెక్టు రిపోర్టు తయారయ్యేటప్పుడే దాదాపు తేలిపోతుంది, కాబట్టి సర్వే వాళ్లు ఊళ్లో కనపడినప్పుడే మాట్లాడాలి. జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ నోటిఫికేషన్, అంటే భూమి తీసుకోబోతున్నామనే ప్రకటన, వచ్చాక కూడా అభ్యంతరం రాసివ్వడానికి 21 రోజులు ఉంటాయి. ఆ తర్వాత సేకరణ ఖాయం చేసే 3డీ ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్రానికి చెందినట్టే. ‘మాకు రోడ్డు వద్దు’ అని రాస్తే ఆ కాగితం ఫైల్లో పడి ఉంటుంది. ఏ సర్వే నంబరు దగ్గర ఏ గెడ్డ దాటుతుందో, వర్షాలకు నీళ్లు ఎంత ఎత్తున వస్తాయో, అక్కడ తూము ఎంత వెడల్పు కావాలో రాస్తే ఇంజనీరు డ్రాయింగ్ తెరవక తప్పదు. ఎత్తుగా పోసిన రోడ్డు, తూము చాలకపోతే, పైనున్న పొలాలకు గట్టులా అడ్డం పడుతుంది.

ఒక ఊరి మీటింగ్‌లో మ్యాపు పరిచి చూపిస్తుంటే వెనకనుంచి ఒక పెద్దాయన లేచాడు. “రోడ్డెటెల్తాదో సూపిత్తన్నారు బావూ, మా గేదెలెటెల్తాయో ఏటి రాసినారు?” ఆ మాటతోనే నేను అక్కడ అండర్‌పాస్ గురించి మళ్లీ లెక్క వేసుకున్నాను. మనుషులు, పశువులు దాటడానికి ఇదివరకు కట్టిన అండర్‌పాస్‌ల ఎత్తు చాలాచోట్ల 3 మీటర్లే. గేదెలకు చాలు. గడ్డి లోడుతో వచ్చే ట్రాక్టరుకు చాలకపోవచ్చు. అందుకే ఏ ఊరికెళ్లినా ఇదే చెబుతున్నాను: కోతలైపోయి గడ్డి తోలే రోజుల్లో, ట్రాలీ నిండా వేసిన లోడును నేల నుంచి పైదాకా టేపుతో కొలిచి, ఆ అంకె మీ అర్జీలో రాయండి.