బడిలో వేధింపులు, స్నేహితుల ఒత్తిడి: అపోహలు - వాస్తవాలు

"మా పిల్లాణ్ణి గట్టివాడిగా చేయడం ఎలా?" స్కూల్ కౌన్సెలర్‌ని కాబట్టి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నేను మాత్రం ముందు వాడి పక్కన ఎవరున్నారని అడుగుతాను.

అపోహ: పిల్లలన్నాక ఏడిపించుకుంటారు, పట్టించుకోకపోతే అదే ఆగిపోతుంది.

వాస్తవం: ఆటపట్టించడం వేరు, వేధించడం వేరు. 1970లలోనే దీని మీద పరిశోధన మొదలుపెట్టిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పారు: కావాలని బాధపెట్టడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి బలం సమానంగా లేకపోవడం. మూడోదాన్ని పెద్దలు తరచూ వదిలేస్తారు. బలమంటే కండబలమే కాదు. వెంట నలుగురుండటం, క్లాసులో పలుకుబడి ఉండటం, ఎదుటివాళ్ల ఫొటో ఒకటి చేతిలో ఉండటం కూడా బలమే.

అపోహ: ఒకటి కొడితే రెండు కొట్టాలి.

వాస్తవం: తిరిగి కొట్టే బలం లేదన్న ధీమాతోనే వేధించేవాళ్లు ఆ పిల్లను ఎంచుకుంటారు. పైగా టీచర్ కంట పడేది సాధారణంగా ఆ తిరిగి కొట్టిన దెబ్బే.

అపోహ: ఇద్దరినీ కూర్చోబెట్టి సారీ చెప్పిస్తే సరిపోతుంది.

వాస్తవం: సమవుజ్జీల గొడవకైతే సరే. వేధింపులో మాత్రం ఒకరు భయంతో తలూపుతారు, ఇంకొకరు బయటికి వెళ్లాక దానికి బదులు తీర్చుకుంటారు. విడివిడిగా మాట్లాడాలి.

అపోహ: మంచి పెంపకంలో పెరిగితే స్నేహితుల ఒత్తిడికి లొంగరు. 'వద్దు' అనడం నేర్పితే చాలు.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇది. 1950లలో మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ కాలేజీ విద్యార్థులను గుంపుగా కూర్చోబెట్టి, ఒక గీత చూపించి, పక్కనున్న గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నారు. మిగతావాళ్లంతా ముందే అనుకుని తప్పు చెబుతుంటే, అసలు పరీక్షకు వచ్చినవాళ్లు దాదాపు మూడో వంతు సార్లు ఆ తప్పే చెప్పారు. గుంపులో ఒక్కరు నిజం చెప్పినా ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. గీతల విషయంలోనే ఇంత తడబడితే, పదమూడేళ్ల పిల్ల సిగరెట్ ముందు ఒంటరిగా నిలబడాలని కోరడం న్యాయమేనా?

అందుకే ఉపన్యాసం కన్నా రిహార్సల్ మేలు. "మా అమ్మ ఊరుకోదు" అని నెపం మన మీదకు నెట్టేయనివ్వండి, మనకు పోయేదేం లేదు. ఫోన్‌లో ఒక గుర్తు పంపితే వెళ్లి తీసుకొస్తామని, ఆ రాత్రి ఏ ప్రశ్నలూ అడగబోమని మాటివ్వండి. మాట నిలబెట్టుకోండి కూడా. ఈ ప్లాన్ చెడిపోయేది ఎక్కువగా అక్కడే. వీటన్నిటికన్నా ముందు, తనలాగే వద్దనుకునే ఒక స్నేహితురాలిని వెతుక్కోమనండి.

అపోహ: చూస్తూ ఉన్నవాళ్లకు దీంతో ఏం సంబంధం?

వాస్తవం: చాలానే ఉంది. కెనడాలో ఆటస్థలాలను వీడియో తీసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, తోటిపిల్లలు కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సార్లు 10 సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. బడుల్లో వేధింపులు తగ్గించడానికి ఫిన్లాండ్‌లో మొదలైన కివా కార్యక్రమం కూడా ఎక్కువగా ఈ చూసేవాళ్ల మీదే పనిచేస్తుంది. అలాగని మీవాణ్ణి హీరోలా అడ్డుపడమనక్కర్లేదు. నవ్వకుండా ఉండటం, తర్వాత వెళ్లి పక్కన కూర్చోవడం, టీచర్‌కి చెప్పడం చాలు. చాడీలు చెప్పడం ఒకరిని ఇరికించడానికి, ఇలా టీచర్‌కి చెప్పడం ఒకరిని బయటపడేయడానికి. ఆ తేడా పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

అపోహ: తెలియగానే స్కూలుకెళ్లి నిలదీయాలి.

వాస్తవం: సరిగ్గా ఆ భయంతోనే చాలామంది పిల్లలు ఇంట్లో చెప్పరు. ముందు పూర్తిగా వినండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారన్నది రాసుకుని, ఏం చేద్దామని పిల్లలనే అడిగి, ఆ తర్వాత క్లాస్ టీచర్‌ని కలవండి. గాయాలున్నా, బెదిరింపులున్నా, బతకాలని లేదన్న మాట వచ్చినా మాత్రం ఆ రోజే కదలాలి. వేధింపు ఆన్‌లైన్‌లో అయితే బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు దాచండి. ఫోన్ మాత్రం లాక్కోవద్దు, లాక్కుంటే ఇంకోసారి మీకు చెప్పరు.