మీ ఇల్లు ఏ నియోజకవర్గంలో ఉంది? అమెరికా రాష్ట్ర శాసనసభల సరిహద్దులపై అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల విభాగంలో మ్యాపులు, ఓటర్ల చిరునామాల పని చూస్తాను. కొత్తగా పౌరసత్వం వచ్చి మొదటిసారి ఓటేయబోతున్న తెలుగువాళ్లు తరచూ అడిగేది ఒకటుంది: "మా ఎదురింటివాళ్ల బ్యాలట్ మీద వేరే అభ్యర్థులు ఉన్నారేంటండీ? ఎవరిది తప్పు?" చాలాసార్లు ఎవరిదీ తప్పు కాదు, గీత ఆ రోడ్డు మధ్య నుంచే వెళ్తుంది. కానీ కొన్నిసార్లు నిజంగానే తప్పు ఉంటుంది. ఆ తప్పు ఎక్కడ పుడుతుందో చాలామందికి తెలియదు.

అపోహ: సరిహద్దు గీతే అస్పష్టంగా ఉంటుంది.

వాస్తవం: గీత దాదాపు ఎప్పుడూ స్పష్టంగానే ఉంటుంది. పదేళ్లకోసారి జనాభా లెక్కలయ్యాక రాష్ట్రాలు నియోజకవర్గాలను మళ్లీ గీస్తాయి. సాధారణంగా ఏ సెన్సస్ బ్లాక్ ఏ నియోజకవర్గంలోకి వస్తుందో చెప్పే జాబితా రూపంలోనే దాన్ని ఖరారు చేస్తారు. బ్లాక్ అంటే రోడ్డు, వాగు, రైలు పట్టాలు, ఊరి హద్దు లాంటివి చుట్టూ ఉన్న చిన్న ముక్క. వార్తల్లో, వెబ్‌సైట్లలో కనిపించే రంగుల మ్యాపులు చూసుకోవడానికి మాత్రమే. అనుమానం వస్తే మేం తీసేది ఆ బ్లాకుల జాబితానే. గీత నుంచి ఓటరు ఇంటి దాకా వచ్చే దారిలోనే అసలు తేడాలు వస్తాయి.

అపోహ: అడ్రస్ కొడితే కంప్యూటరే కరెక్ట్‌గా చెప్పేస్తుంది.

వాస్తవం: కంప్యూటర్ చెప్పేది చాలాసార్లు అంచనా. చాలా కౌంటీల్లో వీధుల జాబితా ఒకటి ఉంటుంది: ఫలానా వీధిలో 100 నుంచి 198 వరకు సరి సంఖ్యలు ఈ నియోజకవర్గం, 101 నుంచి 199 వరకు బేసి సంఖ్యలు ఆ నియోజకవర్గం అని. 150 నంబర్ ఇంటిని సాఫ్ట్‌వేర్ ఆ వీధి ముక్కకు దాదాపు సగంలో ఉందనుకుని చుక్క పెడుతుంది. నిజానికి ఆ ఇల్లు వీధి చివర ఉండొచ్చు. మూల మీది ఇల్లయితే అడ్రస్ ఒక రోడ్డుది, గుమ్మం ఇంకో రోడ్డు వైపు. ఇక కొత్త కాలనీల సంగతి చెప్పక్కర్లేదు. మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనేది అక్కడే. వీధి పేరు జాబితాలోకి ఎక్కకముందే జనం దిగిపోతారు.

ఇంకో చిక్కు ఉంది. గీత "ఫలానా రోడ్డు వెంబడి" అని ఉంటుంది. పాత డిజిటల్ మ్యాపులో ఆ రోడ్డు అసలు చోటు నుంచి కొన్ని మీటర్లు పక్కకు పడి ఉంటే, తూర్పు వైపు ఇళ్లన్నీ తెర మీద పడమటి వైపు కనిపిస్తాయి. అలాంటప్పుడు చుక్కను నమ్మకూడదు. నేనైతే ఓటరు చుక్కను, స్థలం హద్దును, విమానం నుంచి తీసిన ఫొటోను ఒకదాని మీద ఒకటి వేసి చూస్తాను. మూడూ కలవకపోతే మనిషి వెళ్లి చూడాల్సిందే. గీత ఒకే స్థలం మధ్య నుంచి వెళ్తుంటే అది నాలాంటివాళ్లు తేల్చే విషయం కాదు. ఆ రాష్ట్ర నిబంధన ఏం చెప్తుందో రిజిస్ట్రార్ (ఓటర్ల నమోదు అధికారి), వాళ్ల లాయరు చూసి రాతపూర్వకంగా నిర్ణయించాలి. ఈ మెట్టు దాటేయడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

అపోహ: జిప్ కోడ్‌ను బట్టి తెలుసుకోవచ్చు.

వాస్తవం: జిప్ కోడ్ ఉత్తరాలు పంచడానికి. ఒకే జిప్‌లో రెండు మూడు నియోజకవర్గాలు ఉండటం మామూలే.

అపోహ: నలుగురైదుగురు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

వాస్తవం: వర్జీనియా 2017 చూడండి. ఫ్రెడరిక్స్‌బర్గ్ ప్రాంతంలోని 28వ నియోజకవర్గంలో రీకౌంట్ తర్వాత ఆధిక్యం 73 ఓట్లు. తప్పు బ్యాలట్ అందుకున్నవాళ్లు 147 మంది. మళ్లీ ఎన్నిక పెట్టమని కోర్టుకు వెళ్తే ఫెడరల్ జడ్జి గెలిచిన అభ్యర్థిని సభలో కూర్చోకుండా ఆపడానికి ఒప్పుకోలేదు. అదే ఎన్నికలో న్యూపోర్ట్ న్యూస్‌లోని 94వ నియోజకవర్గంలో ఇద్దరికీ చెరో 11,608 ఓట్లు వచ్చాయి. 2018 జనవరి 4న గిన్నెలోంచి పేరు తీసి విజేతను తేల్చారు. దాంతో సభలో రెండు పార్టీల బలాబలాలు 51-49 అయ్యాయి. అక్కడ కూడా 26 మంది ఓటర్లను పక్క నియోజకవర్గంలో చేర్చారని కొన్ని నెలల తర్వాత బయటపడింది. ఆ 26 మంది సరైన చోట ఓటేసి ఉంటే చీటీ తీయాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.

జార్జియా 28వ నియోజకవర్గంలో ఇంకా దారుణం. 2018 మే ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) తేడా 67 ఓట్లు. హేబర్‌షమ్ కౌంటీలో తప్పు బ్యాలట్లు వెళ్లాయని తేలి కోర్టు మళ్లీ ఎన్నిక పెట్టించింది. డిసెంబర్‌లో తేడా 2 ఓట్లు. అదీ కొట్టేశారు. 2019 ఏప్రిల్‌లో మూడోసారి జరిపితే గానీ తేలలేదు. ఇంత ఖర్చు, ఇంత టెన్షన్, అంతా మొదలైంది ఆ తప్పు బ్యాలట్లతోనే!

ఒక మంచి మార్పు కూడా చెప్పాలి. వర్జీనియా 2020లో చట్టం మార్చి, ఒక్కో పోలింగ్ ప్రీసింక్ట్ (ఒక బూత్ కిందికి వచ్చే ప్రాంతం) పూర్తిగా ఒకే నియోజకవర్గంలో ఉండాలని పెట్టింది. తప్పనిసరైతేనే మినహాయింపు. ఒకే బూత్‌లో రెండు రకాల బ్యాలట్లు లేకపోతే సగం గందరగోళం పోతుంది. మిగతా రాష్ట్రాలూ ఇది చేయాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఊరి హద్దు మారితే నియోజకవర్గమూ మారిపోతుంది.

వాస్తవం: నగరం పక్క కాలనీని కలుపుకున్నంత మాత్రాన శాసనసభ నియోజకవర్గం దానంతటదే మారదు. మన దగ్గరా అంతే. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినా అసెంబ్లీ నియోజకవర్గాలు కదల్లేదు. రాష్ట్ర సరిహద్దు కదిలితే మాత్రం వేరే కథ. పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చినా, వాటిని రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో చేర్చే ఉత్తర్వు ఎన్నికల సంఘం నుంచి 2018లో గానీ రాలేదు. నార్త్, సౌత్ కరొలైనాలు తమ పాత సరిహద్దును మళ్లీ సర్వే చేసుకుంటే 2017 జనవరి 1 నుంచి 19 ఇళ్లు రాష్ట్రమే మారాయి.

మరి మీరేం చేయాలి? రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్లో మీ పేరుతో చూస్తే నియోజకవర్గం నంబర్ వస్తుంది. శాసనసభ సైట్లో అడ్రస్ కొట్టి ఇంకోసారి చూడండి. రెండూ కలవకపోతే రిజిస్ట్రార్‌కు మెయిల్ పెట్టండి, స్థలం పార్సెల్ నంబర్ (రికార్డుల్లో మీ స్థలానికి ఉండే నంబర్) కూడా జోడించండి. ఓటర్ల నమోదు గడువుకు ముందే పెడితే మాకు సరిచూసే టైమ్ ఉంటుంది. పోలింగ్ రోజు బ్యాలట్ చేతికి రాగానే దాని మీది నియోజకవర్గం నంబర్ చూసుకోండి, తేడా ఉంటే గుర్తు పెట్టకముందే అక్కడి అధికారికి చెప్పండి. స్కానర్‌లో పడ్డాక ఏ బ్యాలట్ ఎవరిదో తెలియదు, వెనక్కి తీసే దారి లేదు.