ఒబామా గెలిస్తే మనీలాలో సంబరం ఎందుకు?

పిల్లలూ,

"అమెరికాలో ఎవరు గెలిస్తే ఫిలిప్పీన్స్ వాళ్లకేంటి అమ్మమ్మా" అని అడిగారు కదా. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి. మీ అక్క ఫిలిప్పీన్స్‌లోని దావావోలో మెడిసిన్‌లో చేరిన దగ్గర్నుంచి ఆ దేశం గురించి ఏది దొరికితే అది చదువుతున్నాను. మన పిల్ల అన్నేళ్లు ఉండబోయే చోట జనం ఎలాంటివాళ్లో, ఏం పడి వచ్చారో తెలియకపోతే ఎలా?

ముందు ఆ రోజు సంగతి. 2008 నవంబర్ 4న అమెరికాలో పోలింగ్. వాళ్ల తూర్పు తీరంలో రాత్రి పదకొండు కొట్టేసరికి కాలిఫోర్నియా వైపు కూడా ఓటింగ్ ముగిసింది, ఆ నిమిషంలోనే టీవీ ఛానళ్లు బరాక్ ఒబామా గెలిచాడని ప్రకటించాయి. మనకు అప్పుడు 5వ తేదీ పొద్దున్న తొమ్మిదిన్నర, ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. అన్నాల వేళకి అందిందన్నమాట వార్త వాళ్లకి. అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాల వారీ ఓట్లు, 365 ఒబామాకి, 173 ప్రత్యర్థి జాన్ మెకెయిన్‌కి. అమెరికాకి తొలి నల్లజాతి అధ్యక్షుడు. ప్రపంచమంతా సంతోషించిన మాట నిజమే, కెన్యాలో అయితే మర్నాడు సెలవే ఇచ్చారు, వాళ్ల నాన్నది ఆ దేశం కాబట్టి. కానీ ఫిలిప్పీన్స్ వాళ్ల సంతోషం వేరు. అందులో పాత బాకీ ఒకటి ఉంది, భయం ఉంది, వాళ్ల ఇంటి గొడవ కూడా ఉంది.

మూడు వందల ఏళ్లకు పైగా ఏలిన స్పెయిన్ నుంచి విడిపోయామని 1898 జూన్ 12న వాళ్ల తిరుగుబాటు నాయకుడు ఎమిలియో అగినాల్డో ప్రకటించాడు. ఆర్నెల్లు తిరక్కుండానే పారిస్‌లో స్పెయిన్, అమెరికా కూర్చుని సంతకాలు చేసుకున్నాయి, రెండు కోట్ల డాలర్లకు ఆ దీవులన్నీ అమెరికా చేతికి వెళ్లిపోయాయి. ఆ చర్చల్లో ఒక్క ఫిలిప్పీన్స్ మనిషిని కూడా కూర్చోనివ్వలేదు. 1899 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది, ఊళ్లకి ఊళ్లే తగలబడ్డాయి. అమెరికా జెండా పూర్తిగా దిగింది 1946 జూలై 4న. మరి ఇంత జరిగాక ప్రేమ ఎక్కడిదంటే, ఆ ఏలిన వాళ్లే 1901లో ఓడలో వందల మంది టీచర్లనీ తెచ్చారు, బడులు పెట్టారు, ఇంగ్లిష్ నేర్పారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆక్రమించినప్పుడు రెండు దేశాల వాళ్లూ ఒకే కందకాల్లో పోరాడారు. ఇప్పుడు చుట్టాల్లో ఒకరైనా అమెరికాలో లేని కుటుంబం అక్కడ తక్కువ. కోపం, చనువు రెండూ కలిసే ఉంటాయి వాళ్లకి, విడదీసి చూడలేం.

ఇక్కడ మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. 1899లో మొదలైన ఆ యుద్ధానికి అమెరికా తన నల్లజాతి దళాలనూ పంపింది. తెల్ల సైనికులు తమ దేశంలో నల్లవాళ్లని ఏ తిట్టుతో పిలిచేవాళ్లో అక్కడ ఫిలిప్పీన్స్ వాళ్లనీ అదే తిట్టుతో పిలిచేవాళ్లు. పక్కనే నిలబడ్డ నల్ల సైనికుడికి అది వినిపించకుండా ఉంటుందా? 24వ పదాతి దళంలో డేవిడ్ ఫేగన్ అని ఒక కుర్రాడు, ఫ్లోరిడాలోని టాంపా వాడు, 1899 నవంబర్‌లో దళం వదిలేసి ఫిలిప్పీన్స్ గెరిల్లాల్లో కలిసిపోయాడు. వాళ్లలో కెప్టెన్ అయ్యాడు, తన పాత సైన్యం మీదే దాడులు చేశాడు. అతని తలకి 600 డాలర్ల వెల కట్టారు. 1901 చివర్లో ఒక వేటగాడు కుళ్లిపోయిన తల ఒకటి తెచ్చి ఇదే ఫేగన్‌ది అన్నాడు, నిజంగా అతనిదేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. అలాంటి చరిత్ర ఉన్న దేశంలో, ఒక నల్లజాతి మనిషి అమెరికా సైన్యానికి సర్వాధికారి అయ్యాడంటే ఆ వార్త వాళ్లని ఎంత కదిలించి ఉంటుందో ఆలోచించండి.

రంగు సంగతి అక్కడితో అయిపోదు. కాలిఫోర్నియా పొలాల్లో పనికి వెళ్లిన ఫిలిప్పీన్స్ కుర్రాళ్లని 1930లో వాట్సన్‌విల్‌లో గుంపులు వెంటాడి కొట్టాయి. 1933లో అదే రాష్ట్రం, ఫిలిప్పీన్స్ వాళ్లు తెల్లవాళ్లని పెళ్లి చేసుకోకూడదని చట్టమే మార్చింది. ఒబామా తల్లి తెల్లావిడ, తండ్రి కెన్యా నల్లజాతి మనిషి, 1961లో వాళ్ల పెళ్లి జరిగేనాటికి అమెరికాలో ఇంకా చాలా రాష్ట్రాల్లో అలాంటి పెళ్లి నేరం. హవాయిలో ఆ నిషేధం లేదు, కాబట్టి అయింది. ఆ హవాయికి 1906 నుంచి ఫిలిప్పీన్స్ వాళ్లు చెరకు తోటల్లో కూలికి వెళ్లారు, మన తెలుగువాళ్లు మారిషస్‌కీ ఫిజీకీ వెళ్లినట్టే. ఒబామా పుట్టి పెరిగిన హోనోలులులో వాళ్ల కుటుంబాలు వీధికి కొన్ని ఉంటాయి. చిన్నప్పుడు కొన్నేళ్లు జకార్తాలో కూడా ఉన్నాడు, అంటే వాళ్ల పక్క దేశం ఇండోనేసియాలో. మనవాడే అని అనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇంకో సంగతి, వైట్‌హౌస్ వంటగదికి పెద్ద అప్పటికే మనీలాలో పుట్టిన ఆవిడ, క్రిస్టెటా కామర్‌ఫర్డ్, 2005లో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ. ఒబామా దంపతులు వచ్చాక ఆవిడనే కొనసాగించారు. అది అక్కడి పేపర్లకి పెద్ద వార్తే.

అలా అని వాళ్లకి రంగు పట్టింపు లేదనుకోకండి. తెల్లబరిచే సబ్బులూ క్రీములూ అక్కడ ప్రతి షాపులో ఉంటాయి, సినిమాల్లో స్పానిష్ పోలికలున్న మొహాలకే గిరాకీ, అడవుల్లో ఉండే ఆయెటా అనే ఆదివాసులని చామనఛాయ వాళ్లు కూడా తక్కువగా చూస్తారు. పెళ్లిచూపుల్లో "పిల్ల కాస్త రంగు తక్కువ" అనే మాట మన ఇళ్లల్లో మీరూ విన్నారు. దూరాన ఒక నల్లజాతి మనిషి గెలిస్తే చప్పట్లు కొట్టడం తేలిక, పక్కింటి నల్ల పిల్లని చూసే చూపు మార్చుకోవడం కష్టం. వాళ్లకైనా మనకైనా అంతే.

అందరూ ఒబామా వైపే ఉన్నారనీ కాదు. మెకెయిన్‌ని ఇష్టపడ్డ పెద్దవాళ్లు ఉన్నారు, దానికీ కారణం ఉంది. ఆయన తాత కుర్ర అధికారిగా ఫిలిప్పీన్స్ నీళ్లలో నౌక మీద పనిచేశాడు. మెకెయిన్ కూడా వియత్నాం యుద్ధంలో పట్టుబడి, 1973 మార్చిలో హనోయ్ జైలు నుంచి విడుదలై నేరుగా దిగింది ఫిలిప్పీన్స్‌లోని క్లార్క్ వైమానిక స్థావరంలో. అదే ఎన్నికల్లో ఒహాయోలో ఫిలిప్పీన్స్ తండ్రికి పుట్టిన స్టీవ్ ఆస్ట్రియా మెకెయిన్ పార్టీ అయిన రిపబ్లికన్ తరఫునే కాంగ్రెస్‌కి గెలిచాడు. ఇక వామపక్షాల వాళ్లు, అధ్యక్షుడు మారాడు గానీ సైన్యం విధానం మారదని తేల్చేశారు. ఎందుకంటే 1991లో వాళ్ల సెనేట్ 12-11 ఓట్లతో అమెరికా స్థావరాలని పొమ్మంది, అమెరికా వాళ్లు మరుసటేడు వెళ్లి, 1999 ఒప్పందంతో సైనిక విన్యాసాల పేరుతో మళ్లీ వచ్చారు. ఆ అనుమానం తప్పు కాలేదు. 2014 ఏప్రిల్ 28న ఒబామా మనీలాలో దిగిన రోజే, ఫిలిప్పీన్స్ స్థావరాల్ని అమెరికా దళాలు వాడుకునేలా కొత్త ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

టెన్షన్ పడ్డవాళ్లు కాల్ సెంటర్ల పిల్లలు. విదేశాలకి ఉద్యోగాలు తరలించే కంపెనీలకి పన్ను రాయితీలు తీసేస్తానని ఒబామా ప్రచారంలో చెప్పాడు. సెప్టెంబర్‌లోనే లేమాన్ బ్రదర్స్ అనే అమెరికా పెద్ద బ్యాంకు కుప్పకూలింది, ఉద్యోగాలు ఎటు పోతాయోనని అప్పటికే బెంగ. ఈ భయం మన హైదరాబాద్‌లోనూ ఉండేది, మీ అమ్మానాన్నల్ని అడగండి, హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టులు చేసినవాళ్లకి బాగా గుర్తుంటుంది. చివరికి అనుకున్నంత జరగలేదు. పైగా రెండు మూడేళ్లలో ఫోన్ మీద మాట్లాడే కాల్ సెంటర్ పనిలో ఫిలిప్పీన్స్ మన దేశాన్నే దాటేసింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఏంటంటే, ఆ రోజు వాళ్లలో చాలామంది గెలిచినవాడి కన్నా ఓడినవాడి గురించి ఎక్కువ మాట్లాడుకున్నారు. ఫలితం తేలిన అరగంటలోపే మెకెయిన్ ఫీనిక్స్‌లో వేదికెక్కి, ఒబామాకి ఫోన్ చేసి అభినందించానని చెప్పాడు, సొంత మనుషులు ఈలలు వేసి గోల చేస్తుంటే చేత్తో ఆపాడు. ఫిలిప్పీన్స్‌లో ఒక నానుడి ఉంది: మా ఎన్నికల్లో ఓడినవాళ్లంటూ ఉండరు, గెలిచినవాళ్లూ మోసపోయినవాళ్లే ఉంటారు అని. అది ఊరికే పుట్టలేదు. 2004లో గ్లోరియా మకపగాల్ అరోయో సినీ హీరో ఫెర్నాండో పో జూనియర్ మీద గెలిచిందన్నారు. ఏడాది తర్వాత ఒక టేపు బయటపడింది. ఓట్ల లెక్కింపు జరుగుతుండగా ఎన్నికల కమిషన్ అధికారితో తన మెజారిటీ గురించి ఆవిడ మాట్లాడినట్టు అందులో ఉంది. కమిషన్ అధికారితో మాట్లాడిన మాట నిజమేనని, పొరపాటైందని 2005 జూన్‌లో టీవీలో క్షమాపణ చెప్పింది, పదవి మాత్రం వదల్లేదు. పో అప్పటికే చనిపోయాడు, ఓటమి ఒప్పుకోకుండానే. ఒబామా గెలిచిన రోజుకీ అధ్యక్షురాలు ఆవిడే! అందుకే మెకెయిన్ మాటలు వింటూ వాళ్లు చూసుకున్నది తమ దేశాన్ని. మన దగ్గరా ఓడిన పార్టీ ఏదైనా సరే ముందు ఈవీఎంలనే అంటుంది కదా, మనకీ ఆ నొప్పి తెలుసు. పన్నెండేళ్ల తర్వాత అదే అమెరికాలో ఓడిన అధ్యక్షుడు ఒప్పుకోలేదు, 2021 జనవరి 6న గుంపు పార్లమెంటు భవనంలోకే జొరబడింది. అది తలుచుకుంటే మెకెయిన్ మర్యాద విలువ నాకు ఇంకా పెరిగింది.

ఇక పాత బాకీ అన్నాను కదా. 1941 జూలైలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఫిలిప్పీన్స్ సైన్యాన్ని అమెరికా కొలువులోకి పిలిచాడు. రెండున్నర లక్షల మందికి పైగా పోరాడారు, ఫిలిప్పీన్స్‌లోని బతాన్ అనే చోట జపాన్ సైన్యానికి పట్టుబడి ఎర్రటి ఎండలో నీళ్లు లేకుండా నడిచి నడిచి దారిలోనే పడిపోయినవాళ్లు వేలమంది. మిగతా అమెరికా సైనికులకి వచ్చే పెన్షన్లూ సదుపాయాలూ తమకీ వస్తాయనుకున్నారు. 1946 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి, వాళ్ల సేవని ఆ సదుపాయాల లెక్కలోకి తీసుకోమని తేల్చింది. యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. ఆ తర్వాత అరవై ఏళ్లు తిరిగారు పిల్లలూ వాళ్లు, అర్జీలు పట్టుకుని. వైట్‌హౌస్ కంచెకి గొలుసులతో కట్టేసుకున్న ముసలివాళ్లు ఉన్నారు. హవాయి సెనేటర్ డేనియల్ ఇనౌయే, ఆయనే ఆ యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నవాడు, ఏళ్ల తరబడి వాళ్ల తరఫున పట్టుబట్టాడు. ఒబామా గెలిచిన రోజు ఈ తాతల ఆశ ఇది, ఇప్పటికైనా ఇస్తారేమోనని.

ఇచ్చారు. 2009 ఫిబ్రవరి 17న ఒబామా సంతకం చేసిన పెద్ద ఆర్థిక ప్యాకేజీ చట్టంలో వీళ్ల కోసం 19 కోట్ల 80 లక్షల డాలర్లు కలిపారు. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లకి 15 వేల డాలర్లు, లేనివాళ్లకి 9 వేలు, ఒక్కసారే, పెన్షన్ కాదు. తీసుకున్నాక ఈ సేవ పేరుతో ఇంకేమీ అడగకూడదని షరతు. పోరాటం ఒకటే, పాస్‌పోర్టుని బట్టి వెల మారింది, నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. సుమారు 19 వేల మందికి డబ్బు అందింది. గెరిల్లాలుగా కొండల్లో పోరాడిన ఎంతోమందికి అమెరికాలోని సైనిక రికార్డుల్లో పేరు కనిపించలేదని తిప్పి పంపారు, జపాన్ వాళ్లకి దొరక్కుండా దాక్కున్నవాళ్లు కాగితాలు ఎక్కడ దాచుకుంటారు చెప్పండి. చట్టం రాకముందే కన్నుమూసినవాళ్ల భార్యలకి ఏమీ రాలేదు.

మీ అక్క ఉన్న మిందనావో దీవిలోనూ ఆ గెరిల్లాలు వేలల్లో ఉండేవాళ్లు. ఆదివారం అది ఫోన్ చేసినప్పుడు, హాస్టల్ పక్కన ముసలివాళ్లు ఎవరైనా ఆ రోజుల సంగతి చెప్తారేమో కనుక్కోమనండి, చెప్తే రాసి పంపమనండి.

ప్రేమతో,
అమ్మమ్మ