ఒక ‘నుంచి’కి ఇంగ్లీషులో మూడు మాటలు

“మూడు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను.” ఈ వాక్యానికి తెలుగులో రెండు అర్థాలున్నాయి. మూడింటికి మొదలుపెట్టి ఇంకా చూస్తున్నానని ఒకటి, ఎదురుచూడబట్టి మూడు గంటలైందని ఇంకొకటి. ఏది అన్నది మాట్లాడే సందర్భమే తేల్చేస్తుంది కాబట్టి మనకు ఇబ్బంది రాదు. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. మొదటిది ‘సిన్స్ త్రీ ఓ క్లాక్’, రెండోది ‘ఫర్ త్రీ అవర్స్’. ‘సిన్స్ త్రీ అవర్స్’ అనే తప్పు పుట్టేది సరిగ్గా ఇక్కడే. మన విభక్తిని ఉన్నదున్నట్టు దించేయడమే కారణం.

ఏది వాడాలో తేల్చుకునే కిటుకు తెలుగులోనే ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. “రెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను” అతికింది, కాబట్టి ఫర్. “2021గా పనిచేస్తున్నాను” అతకలేదు, కాబట్టి సిన్స్. నిన్నటి నుంచి, పెళ్ళయినప్పటి నుంచి అన్నవాటికీ సిన్సే. క్రియ దగ్గరా జాగ్రత్త పడాలి. మనకు ‘పనిచేస్తున్నాను’ చాలు గానీ, అక్కడ ‘ఐ యామ్ వర్కింగ్’ సరిపోదు. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. ఫర్ సరిగ్గా పెట్టి ఈ ‘హ్యావ్ బీన్’ వదిలేస్తే తప్పు సగమే దిద్దినట్టు.

మరి ఫ్రమ్? మొదలూ చివరా రెండూ చెప్పేటప్పుడు వాడతాం: ‘ఫ్రమ్ నైన్ టు ఫైవ్’. ఇంకా మొదలుకాని పనికీ అదే. వచ్చే సోమవారం నుంచి క్లాసులంటే ‘ఫ్రమ్ మండే’.

‘లో’తోనూ ఇదే చిక్కు. మనం బస్సులోనూ ఎక్కుతాం, కారులోనూ ఎక్కుతాం. ఇంగ్లీషులో మాత్రం లేచి అటూ ఇటూ నడవగలిగే బస్సు, రైలు, విమానాలకు ఆన్. వంగి, లోపలికి దూరి కూర్చునే కారుకు ఇన్. అందుకే ‘గెట్ ఆన్ ది బస్’, ‘గెట్ ఇన్ ది కార్’. బైకు మీదే కూర్చుంటాం కనుక దానికీ ఆనే.

కొన్ని క్రియలకు అసలు ఏ మాటా తగిలించక్కర్లేదు. మనం ఒక విషయం గురించి చర్చిస్తాం కాబట్టి ‘డిస్కస్ అబౌట్’ అనేస్తాం. ఆ ‘గురించి’ డిస్కస్‌లోనే ఇమిడి ఉంది. ‘వి డిస్కస్డ్ ది ప్రాబ్లమ్’ చాలు. అదే నామవాచకమైతే ‘ఎ డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లమ్’ అనడమే ఒప్పు. గుంటూరుకు చేరితే ‘రీచ్‌డ్ గుంటూర్’, మధ్యలో ‘టు’ రాదు. గదిలోకి వెళ్తే ‘ఎంటర్‌డ్ ది రూమ్’. ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు మాత్రం ‘ఎంటర్‌డ్ ఇన్‌టు ఎన్ అగ్రిమెంట్’ అంటారు, అక్కడ ‘ఇన్‌టు’ ఉండాల్సిందే.