టైప్ వన్ డయాబెటిస్ ఉన్నవాళ్ల వ్యాయామం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో టైప్ వన్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారవని డయాబెటిస్) ఉన్న పిల్లల అమ్మానాన్నలకు సలహాల కొదవ లేదు. "పొద్దున్నే గంటసేపు నడిపించమ్మా, షుగర్ అదే దిగుతుంది" అంటారు పక్కింటి అంకుల్. ఆయనకున్నది టైప్ టూ, ఆయన విషయంలో ఆ మాట నిజమే. డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాలకు ముందు చెప్పేది ఇది: మామూలు మనిషి పరుగు మొదలుపెట్టగానే ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ (క్లోమం) దాన్ని తగ్గించేస్తుంది. టైప్ వన్‌లో సూదితో వేసుకున్న ఇన్సులిన్‌ను వెనక్కి తీయలేం. ఇబ్బందులు చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

అపోహ: టైప్ వన్ వస్తే ఆటలు మానేయాలి

వసీం అక్రమ్‌కు 1997లో టైప్ వన్ బయటపడింది. 1999 ప్రపంచకప్ ఫైనల్‌కు పాకిస్తాన్ కెప్టెన్ ఆయనే. 2003 ప్రపంచకప్‌లోనూ బౌలింగ్ చేశాడు. దీని గురించి ఇంతకంటే అక్కర్లేదు.

అపోహ: మొదలుపెట్టే ముందు షుగర్ 140 ఉంది కదా, భయం లేదు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 140 అన్నది ఈ నిమిషం సంగతి. అరగంట తర్వాత ఎంత ఉంటుందో తేలాలంటే, ఒంట్లో ఇంకా ఎంత ఇన్సులిన్ పనిచేస్తోందో చూడాలి. సాయంత్రం ఆరింటికి మసాలా దోసె తిని, దానికి సరిపడా ర్యాపిడ్ ఇన్సులిన్ (తిండికి వేసుకునే, త్వరగా పనిచేసేది) వేసుకుని, ఏడింటికి జాగింగ్‌కు వెళ్తే ఇన్సులిన్ సరిగ్గా జోరు మీద ఉంటుంది. కాళ్లు కూడా గ్లూకోజ్ లాగేస్తుంటాయి. 140 చూస్తుండగానే 65 అవుతుంది. అదే 140తో పొద్దున్న టిఫిన్‌కు ముందు, లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) మాత్రమే ఒంట్లో ఉన్నప్పుడు పరుగెత్తితే సాధారణంగా అంతగా పడిపోదు. కాబట్టి 'ఖాళీ కడుపుతో అసలు చేయకూడదు' అన్నదీ పూర్తిగా నిజం కాదు.

ర్యాపిడ్ ఇన్సులిన్ ప్రభావం సుమారు 4 గంటలు ఉంటుంది. రెగ్యులర్ ఇన్సులిన్ వాడేవాళ్లకు 6 నుంచి 8 గంటలు. పైగా తొడలో వేసుకుని వెంటనే పరుగెత్తితే అది ఇంకా త్వరగా రక్తంలో కలుస్తుంది. ఆ పూట పొట్ట మీద వేసుకోవడం నయం.

2017లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన సూచనల ప్రకారం జాగింగ్, సైక్లింగ్ లాంటివి 126 - 180 మధ్య మొదలుపెట్టడం మంచిది. 90 లోపు ఉంటే 10 - 20 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 90 దాటాకే మొదలుపెట్టాలి. భోజనం చేసిన గంటన్నర, రెండు గంటల లోపే వ్యాయామం ఉంటే ఆ పూట డోసు 25 నుంచి 75 శాతం దాకా తగ్గించాల్సి రావచ్చు. మీకు ఎంత అన్నది మీ డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

అపోహ: ఒళ్లు వంచితే షుగర్ తగ్గి తీరుతుంది

"ఏమీ తినలేదు మేడం, షటిల్ మ్యాచ్ ఆడొచ్చాడు, 240 చూపిస్తోంది!" అని ఫోన్లు వస్తుంటాయి. పోటీ టెన్షన్, బరువులెత్తడం, దమ్ము పెట్టి చేసే చిన్న చిన్న పరుగులు అడ్రినలిన్‌ను పెంచుతాయి. దాంతో లివర్ గ్లూకోజ్ వదులుతుంది. ఇది చాలాసార్లు ఒకటి రెండు గంటల్లో దానంతటదే దిగుతుంది. కంగారుపడి పూర్తి కరెక్షన్ డోసు (పెరిగిన షుగర్ దించడానికి వేసే అదనపు ఇన్సులిన్) వేస్తే అర్ధరాత్రి 'లో' అవుతుంది, అంటే షుగర్ మరీ పడిపోతుంది. దీన్ని మనకు అనుకూలంగానూ వాడుకోవచ్చు: జిమ్‌లో ముందు బరువులు, తర్వాత ట్రెడ్‌మిల్ చేస్తే షుగర్ పడిపోవడం తగ్గుతుంది.

అపోహ: 300 ఉంటే పరుగెత్తి కరిగించాలి

నన్ను నిజంగా భయపెట్టేది ఇదొక్కటే. డోసు మర్చిపోయినా, ఇన్సులిన్ పంపు ట్యూబు మడతపడినా ఒంట్లో ఇన్సులిన్ ఉండదు. అప్పుడు పరుగెత్తితే షుగర్ ఇంకా పెరుగుతుంది, కీటోన్లూ (ఇన్సులిన్ లేనప్పుడు కొవ్వు కరగడం వల్ల పుట్టే ఆమ్లాలు) పెరుగుతాయి. 270 దాటితే ముందు కీటోన్లు చూడాలి. రక్తంలో కీటోన్లు 1.5 (mmol/L) లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వ్యాయామం వద్దు. ఇన్సులిన్, నీళ్లు, డాక్టర్‌కు ఫోన్. వాంతులు, కడుపునొప్పి ఉంటే నేరుగా ఆస్పత్రికే. కీటోన్లు 0.6 లోపు ఉండి, ఇప్పుడే భోజనం చేయడం వల్ల పెరిగిందని తెలిస్తే మెల్లగా నడవచ్చు.

అపోహ: 'లో' అయితే చాక్లెట్ ఉందిగా

చాక్లెట్‌లో కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. కబ్బన్ పార్క్ గేటు దగ్గర దొరికే కొబ్బరినీళ్లలో చక్కెర తక్కువ. 70 లోపు పడితే ఆగిపోయి 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకోండి, అంటే దాదాపు మూడు చెంచాల గ్లూకోజ్ పొడి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. చర్మం మీద పెట్టుకునే గ్లూకోజ్ సెన్సర్ కాస్త వెనకబడి చూపిస్తుంది కాబట్టి అనుమానం వస్తే వేలు గుచ్చి చూడడమే మేలు. నంది హిల్స్‌కు సైకిల్ మీద వెళ్లేవాళ్లు గ్లూకోజ్‌ను కింద ఆపిన కారులో కాదు, జేబులో పెట్టుకోవాలి.

అపోహ: ఆట ముగిసింది, గండం గడిచింది

కండరాలు ఖర్చయిన గ్లూకోజ్‌ను మళ్లీ నింపుకుంటాయి. ఆ ప్రభావం 24 గంటల వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. సాయంత్రం గట్టిగా ఆడిన రోజు రాత్రి 'లో' అయ్యే ప్రమాదం ఎక్కువ. కొందరికి రాత్రి లాంగ్ యాక్టింగ్ డోసు 20 శాతం తగ్గించమని డాక్టర్లు చెబుతారు, కొందరికి పడుకునే ముందు ఏదైనా తినమంటారు. మ్యాచ్ తర్వాత బీరు తాగితే లివర్ గ్లూకోజ్ వదలడం మందగిస్తుంది, అది మరీ ప్రమాదం.

పీజీల్లో ఉండే కుర్రాళ్లకు ఒక మాట. రూమ్మేట్‌కు మీ సంగతి చెప్పి ఉంచండి. మీరు స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలని అతనికి ముందే తెలియాలి.