డ్రాగన్ పడకకు ఎన్ని నాణేలు కావాలి? నిధులపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఒక బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేస్తాను. ఆదివారం మధ్యాహ్నం మా మిద్దె మీద రేకుల షెడ్డు కింద ఐదుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఆ కథలో తిరుగుతారు. మా దగ్గర నడిపేది నేను. రాక్షసుల కంటే, గుహల మ్యాపుల కంటే నేను ఎక్కువసేపు కూర్చునేది నిధుల మీదే. కొత్తగా ఆట నడుపుతున్న కుర్రాళ్లు ఇక్కడే పొరపాటు పడుతుంటారు. ఆ పొరపాట్లలో చాలావరకు నేనూ చేసినవే.

అపోహ: డ్రాగన్ బంగారు కొండ మీద పడుకుంటుంది.

వాస్తవం: బంగారం చూడటానికి కాస్తే ఉంటుంది, ఎత్తబోతే చేతులు పడిపోతాయి. ఈ ఆట ఐదో ఎడిషన్ నియమాల్లో 50 నాణేలు ఒక పౌండు బరువు. అంటే నాణెం తొమ్మిది గ్రాముల పైచిలుకు. మన పది రూపాయల బిళ్ల 7.71 గ్రాములు. అవి వెయ్యి ఉన్న సంచిని కౌంటర్ కింద నుంచి ఎత్తిన నడుముకు ఆ బరువేమిటో తెలుసు.

పాచికలు వేసి నిధిలో ఏమేం ఉన్నాయో తేల్చుకోవడానికి ఆట పుస్తకంలో పట్టికలుంటాయి. 2014 నాటి నిధి పట్టికల్లో అన్నిటికంటే పెద్దదాన్నే చూద్దాం. సగటున 42,000 బంగారు నాణేలు, 28,000 ప్లాటినం నాణేలు వస్తాయి. బరువు దాదాపు 635 కిలోలు. మరి ఎంత చోటు పడుతుంది? నాణేల మధ్య సందులు కూడా కలిపి లెక్కేస్తే 53 లీటర్లు. ఇంటికి వేయించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు చాలు, పైన కాస్త ఖాళీ కూడా మిగులుతుంది. వందల ఏళ్ల డ్రాగన్ జీవితకాలపు సంపాదన మూడు క్యాన్లు!

పోనీ పడక కోసం ఇంకా బంగారం పోద్దామంటే ఆట చెడిపోతుంది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల మందం ఉన్న పరుపును బంగారు నాణేలతో నింపితే 23 లక్షల నాణేలు దాకా పడతాయి. అది చేతికొచ్చాక ఆటగాళ్లు ఇంకే గుహలోకీ దిగరు, దిగాల్సిన అవసరం ఉండదు. అదే పరుపును రాగితో నింపండి. పది లక్షల డెబ్బై వేల నాణేలు పడతాయి. వంద రాగి ఒక బంగారంతో సమానం కాబట్టి దాని విలువ 10,700 బంగారు నాణేలే. కాగడా వెలుగులో రాగి కూడా ఎర్రగా, అద్భుతంగా మెరుస్తుంది. దాని పైన బంగారు నాణేలు పలచగా చల్లితే చాలు.

నేను ఇలా పెట్టిన రోజు మా మేనల్లుడు లెక్క వేసుకుని, "మామా, ఇది పది టన్నులు. ఎద్దుల బండ్లు ఎన్ని కావాల?" అని అడిగాడు. తర్వాతి రెండు ఆదివారాలు బండ్లు, కాపలా మనుషులు, కొండ దారి, దారిలో కాచుకున్న దొంగలతోనే గడిచిపోయాయి. డ్రాగన్‌తో పోరు నలభై నిమిషాల్లో అయిపోయింది. మావాళ్లు ఇప్పటికీ చెప్పుకునేది మాత్రం ఆ బండ్ల ప్రయాణం గురించే.

అపోహ: పట్టిక చూసి పాచికలు వేస్తే నిధి తయారైనట్టే.

వాస్తవం: పట్టిక ఎంత ఉందో చెబుతుంది. ఎవరిదో చెప్పదు. పాచికలు వేయడంలో తప్పు లేదు, నేనూ వేస్తాను. అక్కడితో ఆగిపోవడమే తప్పు.

మా తాత పొలం దస్తావేజులో "నిధి నిక్షేప జల తరు పాషాణ" అన్న వరస ఉంటుంది. పాత తెలుగు దస్తావేజుల్లో మీరూ చూసే ఉంటారు. భూమితో పాటు సంక్రమించే హక్కులవి. విజయనగర కాలపు దానశాసనాల్లోనూ ఇదే వరస. నిధి అంటే భూమిలో దొరికే సొత్తు, నిక్షేపం అంటే ఒకరు దాచి ఉంచిన సొత్తు. వాడుకలో రెండూ కలిసిపోయాయి గానీ, ఆ తేడా నాకు చాలా పనికొచ్చింది. నేను ఏ రాశినీ ఊరికే నిధిగా వదలను, నిక్షేపంగా రాస్తాను. ఎవరు దాచారు, ఎప్పుడు తిరిగి రావాలనుకున్నారు, ఎందుకు రాలేకపోయారు. ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా ఆ గది తలుపు ఆటగాళ్లకు తెరవను.

ఉదాహరణకు చిన్న స్థాయి పట్టిక సగటు 2,100 రాగి, 1,050 వెండి, 70 బంగారం. మొత్తం 29 కిలోల నాణేలు, విలువ మాత్రం 196 బంగారు నాణేలు. ఇలా చదివి వినిపిస్తే ఆటగాళ్లు కాగితం మీద రాసుకుని ముందుకు పోతారు. నేను దాన్ని కనుమ దారిలోని సుంకం ఠాణా సొమ్ముగా మార్చాను. రాగి ఇరవై ఒక్క సంచుల్లో ఉంది, ఒక్కోదానిలో వంద. రోజుకో సంచి అన్నమాట. ఇరవై రెండో సంచి నోరు తెరిచి ఖాళీగా పడి ఉంది. వెండి ఒక పశువుల వ్యాపారిది. బంగారం సుంకరి నడుముకు కట్టుకున్న గుడ్డలో కుట్టేసి ఉంది, అది లెక్క పుస్తకంలో లేదు. ఇరవై రెండో రోజున ఏం జరిగిందో, సుంకరి ఎలాంటివాడో నేను ఒక్క ముక్క చెప్పలేదు. నాణేలు చూసి వాళ్లే పట్టేశారు.

అపోహ: మాయావస్తువులు ఎన్ని ఇస్తే అంత మజా.

వాస్తవం: ఐదో ఎడిషన్‌లో శక్తిమంతమైన చాలా వస్తువులకు అట్యూన్‌మెంట్, అంటే పాత్రకూ వస్తువుకూ మధ్య మాయాబంధం కావాలి, ఒక పాత్రకు ఒకేసారి మూడింటితోనే అది కుదురుతుంది. నాలుగోది మూటలో బరువు. నా మొదటి క్యాంపెయిన్‌లో, అంటే వారాల తరబడి సాగే ఒకే కథలో, నాలుగో లెవెల్‌కే తలా రెండు కత్తులు, ఉంగరాలు పంచేశాను. నెల తిరిగేసరికి తాడు వేసి దిగుదామా, కాపలావాడిని మాటల్లో పెడదామా అని ఆలోచించడం మానేశారు. ఇప్పుడు ఒక్కసారికే పనికొచ్చేవి ఎక్కువ పెడతాను. ఒక్క గుక్క మందు, ఒక్క మంత్రం ఉన్న తాళపత్రం లాంటివి. వాటిని ఎప్పుడు వాడాలన్న టెన్షన్‌లోనే ఆట ఉంటుంది.

అపోహ: ఇది విదేశీ ఆట, మన సొమ్ములు ఇందులో అతకవు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. చంద్రగిరి మాకు పది, పన్నెండు కిలోమీటర్ల దూరం. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. వాళ్ల వరహా సుమారు 3.4 గ్రాముల బంగారం, ప్రతాప అందులో సగం. ఇంకా చిన్న బంగారు పణం ఉండేది, దాని కింద వెండి తార, రాగి జీతలు. చంద్రగిరి నుంచి ఏలిన వెంకటపతి రాయల నాణెం మీద వేంకటేశ్వరుడే ఉంటాడు. "వంద బంగారు నాణేలు దొరికాయి" అనడానికీ, "ఆవగింజలంత పణాలు, అరచేతి చెమటకే అంటుకుపోతున్నాయి" అనడానికీ ఎంత తేడా!

1514లో కృష్ణదేవరాయలు తిరుమలలో స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేసినట్టు శాసనం ఉంది. అవి వరహాలే అయితే నూట రెండు కిలోలు. ఆ శాసనాలను నేను నిధి వర్ణనకు పాఠాలుగా చదువుతాను. ఎవరిచ్చారు, ఏ విజయం తర్వాత, ఏ సేవకు అన్నీ అందులో ఉంటాయి. వస్తువు వెనకాలే మనిషి కనిపిస్తాడు.

1565లో విజయనగరం ఓడిన తళ్లికోట యుద్ధం తర్వాత 550 ఏనుగుల మీద రాజధాని సంపదను పెనుకొండకు తరలించారని పాత రచనల్లో ఉంది. ఈ ఒక్క వాక్యం మీద నేను ఏడాది క్యాంపెయిన్ నడిపాను. అందులో ఒక ఏనుగు పెనుకొండ చేరలేదు. అంతే, మిగిలింది ఆటగాళ్లు వెతుక్కున్నారు.

నాణేలు, నగలే కానక్కర్లేదు. కాళహస్తి కలంకారీ బట్టను ఒకసారి మ్యాపుగా పెట్టాను. చెదలు తిన్న మూల ఏమై ఉంటుందోనని మూడు వారాలు కొట్టుకున్నారు. శేషాచలం ఎర్రచందనం దుంగల్లాంటివీ పెట్టాను. ఒక్కోటి ఇద్దరు మోయాలి, అనుమతి లేకుండా అమ్మితే రాజభటులు వెంటపడతారు.

అపోహ: దొరికినవాడిదే నిధి.

వాస్తవం: నిజ జీవితంలో కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆటలోని రాజు దగ్గర కూడా ఇలాంటి శాసనం ఒకటి ఉందనుకోండి, గుహ బయట అధికారి జాబితా పట్టుకుని నిలబడతాడు. ఎంత చూపించాలి, ఎంత దాచాలి అన్నది ఆటగాళ్ల ఇష్టం.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. విగ్రహం కిందో, విగ్రహం లోపలో నిధి పెట్టను. లంకెబిందెల ఆశతో పాత గుళ్లను తవ్వి, విగ్రహాలు పగలగొట్టిన సంగతులు మన వైపు ఎన్ని వినలేదు? మా ఆటలో పద్నాలుగేళ్ల పిల్లలున్నారు. పగలగొడితే బంగారం వస్తుందని వాళ్ల చేతులకు ఆటలో కూడా నేర్పను.

లంకెబిందెలు పెట్టకుండా ఎలా ఉంటాను? మొన్న పెట్టాను, ఎండిన చెరువు మధ్యలో. గొలుసుతో లంకె వేసిన రెండు బిందెలు. మొదటిదాంట్లో వరహాలు, రెండోదాంట్లో ఒక రాగి రేకు. కట్ట తెగితే బాగు చేయడానికి ఊరివాళ్లు మూడు తరాలు కూడబెట్టిన సొమ్మని దాని మీద రాసి ఉంది. కట్ట తెగింది, ఊరు ఖాళీ అయింది, తవ్వడానికి ఎవరూ మిగల్లేదు. మావాళ్లు టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. ఒకడు పంచుకుందామన్నాడు, ఒకమ్మాయి రేకు కూడా ముట్టుకోవద్దంది. చివరికి కూలీలను పెట్టి కట్ట పోయించారు. మా మ్యాపులో ఆ చెరువును నీలం పెన్సిలుతో వాళ్లే నింపారు.